ముప్పైలో ఒక వంతు

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా కర్నూలులో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇప్పటికే నలుగురు చదివారు, ఐదోసారి నేను చదవను. నాకిచ్చిన అంశం ‘మోటుపల్లి యాత్రా విశేషాలు’. కాగితం రాసుకొచ్చాను. ఎంతసేపు దాని మీద నిలబడతానో చూద్దాం.

మోటుపల్లి బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో ఉంది. చీరాలలో రైలు దిగి వెళ్ళాను. దారిలో ఉప్పు మళ్ళు, సరుగుడు తోటలు. ఊరు చేరేసరికి ఆరబెట్టిన వలలు, ఎండుచేపల వాసన. ఇది ఒకప్పుడు కాకతీయుల ఓడరేవు అంటే ఆ ఇసుకలో నిలబడ్డవాడికి నమ్మబుద్ధి కాదు. వీరభద్రస్వామి గుడి మండపంలో స్తంభం మీద గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం ఉంది. అది చూస్తే నమ్మక తప్పదు.

అది 1244-45 నాటిది. దాని సారం చెబుతాను, జాగ్రత్తగా వినండి. గాలివానకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకువస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారట. ప్రాణం కంటే ధనమే గొప్పదనుకుని సముద్రానికి తెగించిన వర్తకుల మీద దయతో, సుంకం తప్ప మిగిలినదంతా వారికే విడిచిపెడుతున్నాం అన్నాడు గణపతిదేవుడు. సుంకం ఎంత? ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పైలో ఒక వంతు. ఆపైన చందనం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, జవ్వాది, పగడాలు, మిరియాలు... దేనికెంతో పద్దు. 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి కూడా ఆ ఊళ్ళోనే వర్తకులకు అభయమిచ్చాడు. నేను యర్రగుడి దగ్గర, అశోకుడి శాసనాలున్న బండల పక్కన మేకలు కాస్తూ పెరిగినవాణ్ణి. రాతి మీద రాత నాకు కొత్త కాదు. రాజు ఎంత తీసుకుంటాడో రాసిపెట్టిన రాయి మాత్రం కొత్త.

వెనీసు యాత్రికుడు మార్కోపోలో కాకతీయ రాజ్యాన్నే ఈ రేవు పేరుతో ‘ముత్ఫిలి’ అన్నాడు. ఒక రాణి ఏలిందన్నాడు. ఆమె రుద్రమదేవే అని చరిత్రకారుల మాట. పాముల లోయలో మాంసం ముక్కలు విసరడం, వాటికి అంటుకున్న వజ్రాలను గద్దలు ఎత్తుకురావడం, ఆ కథ తరగతిలో చెప్పి పిల్లలను నవ్వించేవాణ్ణి. అదే పుస్తకంలో ఇంకో మాట ఉంది. వానలకు కొండల నుంచి నీళ్ళు పారతాయి, వాన వెలిశాక జనం వాగుల్లో వజ్రాలు వెతుక్కుంటారు అని.

ఇక్కడ తొలకరి పడగానే చేలల్లో వజ్రాలు వెతుక్కునే తుగ్గలి వాళ్ళు, జొన్నగిరి వాళ్ళు ఎవరైనా ఉన్నారా? చెయ్యి ఎత్తండి. చూశారా! ఏడువందల ఏళ్ళ కిందటి ఆ మాట మన తొలకరి కాదూ? ఆ రేవుకు చేరిన వజ్రాలు కృష్ణా తీరానివీ కావచ్చు, మనవీ కావచ్చు. నేను సీమవాణ్ణి, మనవే అంటాను.

కాగితం పక్కన పెడుతున్నాను. నాకు తొమ్మిదేళ్ళు. వేరుశనగ చేలో కలుపు తీస్తుంటే మా అమ్మకు శనగగింజంత రాయి దొరికింది. సాయంత్రానికల్లా వ్యాపారి వచ్చాడు. ఎండకు పట్టి చూశాడు, నాలుకతో తడిపి చూశాడు. “గాజు పెంకు తల్లీ, అయినా వచ్చాను కదా” అన్నాడు. మూడు బస్తాల జొన్నలు, ఒక నేత చీర ఇచ్చి, రాయిని కాగితంలో చుట్టుకుని వెళ్ళాడు. ఆ రాత్రి అమ్మ నన్ను అడిగింది: “గాజు పెంకుకు మూడు బస్తాల జొన్నలు ఎవరిస్తారు నాయనా?” చనిపోయేదాకా అడుగుతూనే ఉంది. నేను ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పాను. ఈ లెక్క తేల్చలేకపోయాను.

గాలివాన ఒడ్డుకు విసిరిన సరుకు గురించి ఒక రాజు అంత ఆలోచించాడే! వాన పైకి తేల్చిన రాయి గురించి మనం ఆలోచించలేమా? చట్టం సంగతి న్యాయవాదులు చెబుతారు. నేను అడిగేది చిన్నది. తొలకరి రెండు నెలలు జొన్నగిరిలో ఒక తక్కెడ, రాయిని పరీక్షించే మనిషి ఒకరు, ధర రాసి ఇచ్చే కాగితం. చేతులు ఎత్తినవారు సభ అయ్యాక వెళ్ళిపోకండి, అర్జీ తెచ్చాను, సంతకాలు కావాలి.

అధ్యక్షులవారు చీటీ పంపారు. అయిపోయింది, ఒక్క ముక్క. గుడి నుంచి ఒడ్డుకు వెళితే ఒక ముసలాయన వల బాగుచేసుకుంటున్నాడు. శాసనంలో ఏముందని ఆయనే అడిగాడు. చెప్పాను. వేటకు ముందే సావుకారు దగ్గర డబ్బు తెచ్చుకుంటారట, చేప ఒడ్డుకు చేరాక ధర ఆ సావుకారే చెబుతాడట. “ముప్పైలో ఒకటేనా మాస్టారూ?” అని మళ్ళీ అడిగాడు. అవునన్నాను. చేతిలో వల వదలకుండానే గుడివైపు చూసి, “అయితే ఆ రాజును ఒకసారి ఇటు రమ్మనండి” అన్నాడు.