మట్టి పట్టుకున్న మందు, పట్టుకోని మందు

వ్యాఖ్యాత: కాకినాడ నుంచి ఎం.ఫార్మసీ విద్యార్థి లైన్లో ఉన్నారు. అడగండి తమ్ముడూ.

శ్రోత: నమస్కారం మేడమ్. ప్రొప్రనొలాల్ హైడ్రోక్లోరైడ్ అనే బీపీ మందుని మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమట్టికి పట్టించి, సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్ జిగురుతో బీడ్స్, అంటే చిన్న పూసలు చేశానండి. మెల్లగా రావాల్సిన మందు గంటలోనే సగం బయటికొచ్చేస్తోంది.

నిపుణురాలు: గ్రాము మట్టికి మందు ఎంత వేశారు నాన్నా?

శ్రోత: 600 మిల్లీగ్రాములండి.

నిపుణురాలు: చిక్కంతా అక్కడే ఉంది. ఈ మట్టి పొరల్లో రుణావేశం ఉంటుంది. మందు ధనావేశంతో వచ్చి అక్కడి సోడియంని తోసేసి కూర్చుంటుంది. వంద గ్రాముల మట్టిలో 80 నుంచి 120 మిల్లీ ఈక్వివలెంట్ల చోటే, అంటే అన్ని ఆవేశాలు కూర్చునే చోటే ఉంది. లెక్క కడితే గ్రాము మట్టికి సుమారు 240 నుంచి 350 మిల్లీగ్రాముల మందు. మిగతాది పైన అంటుకున్న మందే. కడిగారా?

శ్రోత: లేదండీ, అలాగే ఆరబెట్టాను.

నిపుణురాలు: గ్రాము మట్టికి 200 మిల్లీగ్రాములతో మొదలుపెట్టండి. సెంట్రిఫ్యూజ్ చేసి డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడగండి. పైతేటలో, కడిగిన నీళ్లలో ఎంత మందు ఉందో యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 290 నానోమీటర్ల కాంతి దగ్గర చూసి, దాన్ని వేసిన మందులోంచి తీసేయండి. ఎంత పట్టిందో అప్పుడు తెలుస్తుంది. బీడ్స్‌ని కాల్షియం క్లోరైడ్‌లో ఎంతసేపు ఉంచారు?

శ్రోత: గట్టిపడతాయని రాత్రంతా ఉంచానండి.

నిపుణురాలు: అయ్యో, కాల్షియం కూడా ధనావేశమే కదా! మందుని మట్టిలోంచి తోసేస్తుంది. 2 శాతం ఆల్జినేట్, 2 శాతం కాల్షియం క్లోరైడ్ తీసుకుని పావుగంటలో తీసేయండి. ఆ స్నానపు నీళ్లలోనూ మందు కొలవండి, ఈ పని చాలామంది వదిలేస్తారు.

శ్రోత: బీడ్స్ మీద కైటోసాన్, అంటే రొయ్యల పెంకుల నుంచి తీసే పదార్థం, పూతగా వేయొచ్చాండీ?

నిపుణురాలు: వేయాలి. మందు ఎలా విడుదలవుతుందో చూసే పరీక్షలో వాడే ఫాస్ఫేట్ బఫర్ ద్రావణం ఆల్జినేట్‌లోని కాల్షియంని లాగేసుకుంటుంది, బీడ్ ఉబ్బి విచ్చిపోతుంది. 1 శాతం ఎసిటిక్ ఆమ్లంలో అర శాతం కైటోసాన్ కరిగించి, పీహెచ్ 5కి తెచ్చి, బీడ్స్‌ని పది నిమిషాలు ఉంచండి. పీహెచ్ 6.5 దాటితే కైటోసాన్ విరిగిపోయి అడుగుకు దిగుతుంది. ఇంకొకటి, ఆ విడుదల పరీక్ష ఉత్త నీళ్లలో చేయొద్దు. అందులో అయాన్లు లేవు కాబట్టి మట్టి మందుని వదలదు, గ్రాఫ్ అందంగా వచ్చి మోసం చేస్తుంది. రెండు గంటలు కడుపులాంటి 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో, తర్వాత పేగులాంటి పీహెచ్ 6.8 ఫాస్ఫేట్ బఫర్‌లో, 37 డిగ్రీల దగ్గర చేయండి.

వ్యాఖ్యాత: కర్నూలు నుంచి పెద్దమ్మగారు.

శ్రోత: అమ్మా, విరేచనాలకి మట్టి పొడి ప్యాకెట్ ఇచ్చారు. బీపీ బిళ్లతో కలిపి వేసుకోవచ్చా?

నిపుణురాలు: వద్దండీ. ఆ మట్టి బిళ్లలోని మందుని కూడా పట్టేసుకుంటుంది. ముందు బిళ్ల వేసుకుని, కనీసం రెండు గంటలు ఆగి పొడి తాగండి. బిళ్ల పేరు పక్కన ఎస్‌ఆర్ అనో ఈఆర్ అనో ఉంటే అది మందుని మెల్లగా వదిలే బిళ్ల, దాన్ని నూరకుండా, నమలకుండా అలాగే మింగండి.