"తిడతారని సార్"

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల్ని పేరుపేరునా తలచుకోవాలి గానీ, నాకిచ్చింది పావుగంటే. మన్నించాలి.

చేతుల శుభ్రత గురించి మాట్లాడమన్నారు. 1847లో వియన్నా ప్రసూతి వార్డులో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు తోటి డాక్టర్ల చేత క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించి బాలింతల మరణాలు తగ్గించిన సంగతి మీకు తెలుసు. సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు, శానిటైజర్‌తో 20 నుంచి 30 సెకన్లు రుద్దాలనీ తెలుసు. గ్లవ్స్ తీశాక కూడా కడుక్కోవాలి. అది మాత్రం చాలామంది మరిచిపోతారు.

అయితే నేను చెప్పాలని వచ్చింది ఇంకొకటి.

నేను ఫార్మసీ నడిపిన రోజుల్లో మా దగ్గరొక కుర్రాడు పనిచేసేవాడు. ఒక పెద్దాయన, మిగిలిన మందులంటూ ఓ సంచి తెచ్చిచ్చాడు. కుర్రాడు అందులో చెయ్యి పెట్టాడు. అడుగున మూతలేని ఇన్సులిన్ సూది. వేల్లో దిగింది. రక్తం తుడుచుకుని, ప్లాస్టర్ అంటించుకుని, రాత్రిదాకా మందులిస్తూనే ఉన్నాడు. నాకు చెప్పింది మూడోరోజు సాయంత్రం.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదురా?"

"తిడతారని సార్."

అంతకు వారం ముందే, ఒక సీసా పగిలిందని అందరి ముందూ వాణ్ణి కేకలేశాను.

వాడిన సూది గుచ్చుకుంటే, హెచ్‌ఐవీ నివారణ మందులు వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. మాకు మిగిలింది ఒక్క రాత్రి. పరుగెత్తాం. దారిలో గుర్తొచ్చింది, కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్‌కి వాడికి టీకా నేను వేయించలేదని. టీకా లేనివాళ్లకి ఆ వైరస్ ఉన్న సూది గుచ్చుకుంటే, సోకే అవకాశం 6 నుంచి 30 శాతం దాకా ఉంటుంది.

"ఆ పెద్దాయనకేం జబ్బుంటుందండీ" అన్నారు మావాళ్లు. మొహం చూసి ఎలా చెబుతాం? ఎవరి రక్తమైనా సోకించేదే అనుకుని మెలగాలి. ప్రామాణిక జాగ్రత్తలు అన్న పెద్దమాటకి ముఖ్యమైన అర్థం ఇదే.

ఇక్కడ ఫార్మసీ యజమానులెవరు? చేతులెత్తండి. మీ దగ్గర పనిచేసే పిల్లలకి టీకా పడిందా? తిరిగొచ్చిన సంచిలో చెయ్యి పెట్టనివ్వకండి, ట్రేలో గుమ్మరించమనండి. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టనివ్వకండి. సూదుల డబ్బా ముప్పావు నిండగానే మూయించండి. గుచ్చుకుంటే ఆ నిమిషమే సబ్బూ నీళ్లతో కడిగించి, డాక్టర్ దగ్గరికి పంపండి. తిట్టకండి. దయచేసి తిట్టకండి.

ఆరు నెలలు పరీక్షలు జరిగాయి. ప్రతి రిపోర్టూ నేనే వెళ్లి తెచ్చాను. ఏమీ సోకలేదు. ఆఖరిది చేతికిస్తే, వాడు రెండుసార్లు చదువుకున్నాడు.

"ఇప్పుడు మా అమ్మకి చెప్పొచ్చా సార్?" అన్నాడు.