యంత్రం చాటేది, మనిషి నింపేది

ఆర్కే బీచ్‌లో నిలబడి చూస్తే దూరాన లంగరు వేసిన ఓడలు కనిపిస్తాయి. వాటి పేర్లు, ప్రయాణాలు ఇప్పుడు ఫోనులోనే తెలిసిపోతున్నాయి. అయితే ఆ తెర మీది వివరాల్లో కొన్ని యంత్రం చెప్పేవి, కొన్ని మనిషి చేత్తో నింపేవి. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

ఫీడరు ఓడను తీసుకుందాం. కూడలిలో ఆగే పెద్ద బస్సుకు పల్లెల నుంచి ప్రయాణికులను చేరవేసే ఆటోలాంటిదది. కొలంబో వంటి పెద్ద రేవులకూ చుట్టుపక్కల రేవులకూ మధ్య కంటెయినర్లు మోస్తూ తిరుగుతుంది.

దానిలోని ఏఐఎస్ (ఓడ తనెవరో, ఎక్కడుందో తనంతట తానే తెలిపే రేడియో వ్యవస్థ) పరికరం ఓడ కదులుతున్నంతసేపు 2 నుంచి 10 సెకన్లకు ఒకసారి, లంగరు వేశాక 3 నిమిషాలకు ఒకసారి స్థానం, వేగం, దిశ రేడియోలో చాటుతుంది. అచ్చంగా చాటింపే! వినగలిగిన వాళ్లందరికీ అందుతుంది. జీపీఎస్ లెక్క కాబట్టి చాలావరకు నమ్మవచ్చు. గమ్యం, చేరే సమయం, ఓడ ఎంత లోతు మునిగి ఉందన్నది మాత్రం సిబ్బందే నింపాలి. మరిచిపోయారా, కొలంబో వదిలి విశాఖ వస్తున్న ఓడ కూడా గమ్యం ‘ఎల్‌కేసీఎంబీ’ అనే చూపిస్తుంది. అది కొలంబో సంకేతం, విశాఖది ‘ఐఎన్‌వీటీజెడ్’. అందుకే నేను ముందు దిశ చూసి, ఆ తరువాతే గమ్యం చదువుతాను.

ఫోను తెర మీద, నడిసముద్రంలో ఓడను చూపే చుక్క గంటల తరబడి కదలకపోతే కంగారు పడకండి. ఒడ్డున ఉన్న యాంటెన్నాలకు కొన్ని పదుల మైళ్ల వరకే అందుతుంది. ఆపైన ఉపగ్రహాలే దిక్కు. ఆ స్థానం ఎప్పటిదో, పక్కనున్న సమయం చెబుతుంది.

వీటన్నిటికన్నా నాకు ఇష్టమైనది 7 అంకెల ఐఎంఓ (అంతర్జాతీయ సముద్రయాన సంస్థ) సంఖ్య, అంటే ఓడ గుర్తింపు సంఖ్య. పేరు, జెండా, యజమాని మారినా అది మారదు. 2025 మే 25న కేరళ తీరానికి దూరంగా మునిగిపోయిన ‘ఎంఎస్‌సీ ఎల్సా 3’ మీకు గుర్తుండే ఉంటుంది. విళింజం నుంచి 640 కంటెయినర్లతో కొచ్చి బయలుదేరిన ఓడ. లైబీరియా జెండా, 1997లో కట్టినది, పొడవు దాదాపు 184 మీటర్లు. దాని సంఖ్య 9123221. మొదటి ఆరు అంకెలను వరుసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించండి: 63, 6, 10, 12, 6, 4. కూడితే 101. చివర 1 వచ్చింది కదా, సంఖ్యలో ఏడో అంకె కూడా అదే. ఒక అంకె తప్పుగా రాస్తే చాలాసార్లు ఈ లెక్క దగ్గరే దొరికిపోతుంది.

ఇప్పుడు ఎవరైనా ఫోను తీసి, బయట లంగరు వేసిన ఓడల్లో ఒకదాని సంఖ్య చదవండి. గుణకారం నేను బోర్డు మీద వేస్తాను.