పచ్చి మామిడికాయ పరీక్ష: ఒపినెల్ నంబర్ 8, విక్టోరినాక్స్ స్పార్టన్ | జేబు చాకుల రివ్యూ

నమస్తే అండి. మాటల్లోకి దిగేముందు ఒక పని కానిచ్చేస్తాను, దానికి కాస్త టైమ్ పడుతుంది. ఇదిగో పచ్చి మామిడికాయ, పొద్దున్నే కోసింది. తొడిమ దగ్గర జీడి ఇంకా ఆరలేదు చూడండి. ఇది ఒపినెల్ నంబర్ 8, కార్బన్ స్టీల్ రకం. నిన్ననే డబ్బాలోంచి తీశాను. బ్లేడు తళతళా మెరుస్తోంది కదా, ఈ మెరుపు గుర్తుపెట్టుకోండి. కాయని నాలుగు చెక్కలు కోస్తున్నా. కోశాను. బ్లేడు తుడవట్లేదు. ఆ పులుపుతోనే ఇలా పళ్లెంలో పక్కన పెట్టేస్తున్నా. చివర్లో మళ్లీ చూద్దాం.

ఇప్పుడు అసలు సంగతి. రోజూ జేబులో పెట్టుకోవడానికి ఏ చాకు కొనాలి? ఇది చాలామంది అడిగారు. అడిగినవాళ్లలో సగం మంది స్టీలు పేర్లు చెప్పి, ఇందులో ఏది గట్టిది అని అడిగారు. నేను కూడా రెండేళ్లపాటు అలాగే స్టీళ్ల పట్టికలు చదువుతూ కూర్చున్నాను. తర్వాత తెలిసింది, నాకు కావలసిన జవాబు చిన్నప్పుడే చేతిలో ఉండేదని.

మాది గోదావరి పక్క పల్లె. మా తాతయ్య బొడ్లో ఎప్పుడూ ఒక చిన్న మడత చాకు ఉండేది. చుట్ట కొస కోయాలన్నా అదే, కొబ్బరితాడు తెంపాలన్నా అదే, జామకాయ ముక్కలు చేసి పిల్లలందరికీ పంచాలన్నా అదే. మా చేతికి మాత్రం ఇచ్చేవాడు కాదు. అందుకని మేం ఆల్చిప్ప పట్టుకొచ్చి, దాని వీపుని గరుకు అరుగు మీద అరగదీసేవాళ్లం. రుద్దగా రుద్దగా నడిమధ్యన చిల్లు పడేది. ఆ చిల్లు అంచుతో మామిడికాయ చెక్కు తీసేవాళ్లం. మీలో ఎంతమంది చేశారో గానీ, చేసినవాళ్లకి తెలుసు, ఆ అంచు ఎంత పల్చగా ఉంటే చెక్కు అంత సన్నగా ఊడొచ్చేది. ఆల్చిప్పేమీ స్టీలంత గట్టిది కాదు. పల్చనిది, అంతే.

చాకు కొనేటప్పుడు నేను మొట్టమొదట చూసేది ఇదే అండి. పల్చదనం.

చేసి చూపిస్తాను. నా ఎడమ చేతిలో ఉన్నది బాగా దిట్టమైన మడత చాకు. కంపెనీ పేరు అక్కర్లేదు, ఇలాంటివి సవాలక్ష ఉన్నాయి. దీని వెన్ను, అంటే పదును లేని పై అంచు, దాదాపు 4 మిల్లీమీటర్ల మందం. కుడి చేతిలో మన ఒపినెల్, ఇది స్టెయిన్‌లెస్ రకం. దీని వెన్ను ఒకటిన్నర మిల్లీమీటర్ల పైచిలుకు. రెండిటికీ నేనే ఒకే రాయి మీద సాన పట్టాను, రెండూ కాగితాన్ని ఒకేలా కోస్తున్నాయి. ఇప్పుడు క్యారెట్. లావు చాకు... విన్నారా, టప్‌మంది. అది కోయలేదండి, పగలగొట్టింది. అంచు లోపలికి దిగింది, వెనకున్న మందం మేకులా పనిచేసి క్యారెట్‌ని రెండుగా చీల్చేసింది. ఇప్పుడు ఒపినెల్... చప్పుడే లేదు. ఈ ముక్క చూడండి, వెలుతురు దీని గుండా వస్తోంది. పదును రెండిటికీ ఒకటే, తేడా అంతా పదును వెనకున్న మందంలో ఉంది. రోజూ మనం కోసేదేమిటి? పండు, పార్సిల్ టేపు, పాల ప్యాకెట్టు, పురికొస. వీటికి 4 మిల్లీమీటర్ల ఇనుము ఎందుకు చెప్పండి?

ఈ ఒపినెల్ కథ నాకు భలే ఇష్టం. ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండల్లో సవోయ్ అనే ప్రాంతం ఉంది. అక్కడ ఒక కొండ పల్లెలో గొడ్డళ్లు, కొడవళ్లు చేసే ఇంట్లో పుట్టిన కుర్రాడు జోసెఫ్ ఒపినెల్. 1890లో ఈ చాకు చేశాడు. రైతుల కోసం చేసిన చాకు. 1897కల్లా 1 నుంచి 12 వరకు సైజులు వచ్చాయి. తర్వాత 1, 11 మానేశారు. నంబర్ 8 అంటే బ్లేడు 8.5 సెంటీమీటర్లు, నంబర్ 6 అంటే 7 సెంటీమీటర్లు. బ్లేడు మీద చెయ్యి, పైన కిరీటం ఉన్నాయి చూడండి, దగ్గరగా పెడుతున్నాను. ఈ ముద్ర 1909 నాటిది. ఆ చెయ్యి దగ్గర్లోని సెయింట్ జాన్ ద మోరియెన్ అనే ఊరి చిహ్నంలోది, కిరీటం సవోయ్ పాలకులది. తను చేసిన వస్తువు మీద ఊరి గుర్తు వేసుకోవడం చూస్తే నాకు మన నేతగాళ్ల చీరల అంచులు గుర్తొస్తాయి.

ఇందులో ఉన్న భాగాలు లెక్కపెట్టండి. చెక్క పిడి, బ్లేడు, ఒక సీల, సీల చుట్టూ లోహపు పట్టీ, దాని మీద తిరిగే ఈ ఉంగరం. అయిపోయింది. ఈ ఉంగరం 1955లో వచ్చింది, జోసెఫ్ కొడుకు మార్సెల్ ఒపినెల్ ఆలోచన. చాకు తెరిచి ఉంగరాన్ని ఇలా పక్కకి తిప్పితే బ్లేడు వెనక్కి మడతపడదు. 2000లో దాన్ని కొంచెం మార్చారు, ఇప్పుడు మూసినప్పుడు కూడా బిగుసుకుంటుంది, జేబులో తెరుచుకోదు. మొత్తం బరువు 45 గ్రాములు! జేబులో ఉన్నట్టే ఉండదు.

తాళం గురించి ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఇదిగో, ఈ చూపుడువేలి మీద గీత. కాలేజీ రోజుల్లో తిరునాళ్లలో ఒక మడత చాకు కొన్నాను, పేరూ ఊరూ లేనిది. కొబ్బరి చిప్పలోకి మొన గుచ్చి ముక్క పెకలిస్తుంటే లాక్ జారి వేలి మీద మూసుకుంది. మూడు కుట్లు పడ్డాయి. లాక్ నాసిరకం అన్నది ఒక సంగతి. కానీ మడత చాకుతో పెకలించడమే తప్పు, అది గునపం కాదు. ఒపినెల్‌తో కూడా చెయ్యకండి, మొన పల్చన, విరుగుతుంది.

లోపం లేదా అంటే ఉంది, మనకి బాగా తెలిసొచ్చే లోపమే. పిడి బీచ్ అనే చెట్టు చెక్క. వానాకాలం వచ్చిందంటే మన తలుపులు ఎలా బిగుసుకుంటాయో ఇదీ అలాగే. చెక్క ఉబ్బి బ్లేడుని పట్టేస్తుంది. జూలైలో మా ఊరు తీసుకెళ్తే గోరుతో లాగినా రాలేదు. దానికి సవోయ్ వాళ్లదే ఒక చిట్కా ఉంది. ఉంగరం వదులు చేసి, పిడి చివరని ఇలా బల్లకేసి కొట్టాలి. చూశారా, బ్లేడు మొన బయటికి తన్నుకొచ్చింది. ఆ తర్వాత పట్టుకుని తెరవడమే. శాశ్వతంగా తగ్గాలంటే ఎండ బాగా ఉన్న రోజుల్లో కీలు దగ్గర చెక్కకి అవిసె నూనె పట్టించి ఆరనివ్వండి. నేను ఏడాదికి రెండుసార్లు పట్టిస్తాను. అప్పటికీ గట్టిగా ఉంటే గాడి లోపల ఉప్పుకాగితంతో కొంచెం రుద్దండి, కొంచెమే.

ఇక కార్బనా, స్టెయిన్‌లెస్సా? ఒపినెల్ కార్బన్ స్టీలులో కార్బన్ సుమారు 0.9 శాతం. రాయి మీద త్వరగా పదునెక్కుతుంది, ఆ పదును కరుకుగా, చక్కగా ఉంటుంది. కానీ తడి తగిలితే తుప్పు. స్టెయిన్‌లెస్ రకంలో కార్బన్ సుమారు 0.6 శాతం, క్రోమియం 13 శాతం పైన. కాకినాడ, విశాఖ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఉన్నవాళ్లు, కోశాక తుడవడం గుర్తుండనివాళ్లు స్టెయిన్‌లెస్ తీసుకోండి, సందేహమే వద్దు. నేను కార్బన్ మనిషిని, ఎందుకో చివర్లో చూపిస్తా.

విక్టోరినాక్స్ దగ్గరికొద్దాం. ఎర్రటి స్విస్ చాకు, దీన్ని ఎవరికీ పరిచయం చెయ్యక్కర్లేదు. ఇది స్పార్టన్, మూసినప్పుడు 91 మిల్లీమీటర్లు. కార్ల్ ఎల్సెనర్ 1884లో స్విట్జర్లాండ్‌లో ఇబాక్ అనే ఊళ్లో కొలిమి పెట్టాడు. 1891లో స్విస్ సైన్యానికి చాకులు ఇచ్చాడు. ఆ సైనికుల చాకులో స్క్రూడ్రైవర్ ఎందుకు పెట్టారో తెలుసా? తుపాకీ విప్పుకోవడానికి. కానీ నేను మెచ్చుకునేది 1897 నాటి పనితనం. ఒకే స్ప్రింగు రెండు వైపులా పనిచేసేలా చేశాడు, దాంతో వెన్ను వైపు కూడా పనిముట్లు పట్టాయి. ఇదిగో, ఈ స్క్రూ ఆకారపు బిరడా తీసే కడ్డీ అలా వచ్చిందే. 1909లో వాళ్లమ్మ చనిపోతే ఆవిడ పేరు విక్టోరియా అని కంపెనీకి పెట్టుకున్నాడు. 1921లో తుప్పు పట్టని స్టీలు వచ్చాక, ఫ్రెంచిలో ఆ స్టీలుని ఇనాక్స్ అంటారు కదా, రెండూ కలిపి విక్టోరినాక్స్ అయింది.

బిరడా తీసే కడ్డీ మనకెందుకు అనుకుంటారేమో. బియ్యం బస్తా ముడి, పలుపు తాడు ముడి గోళ్లతో రానప్పుడు దీని మొన లోపలికి తిప్పి లాగండి, వచ్చేస్తుంది. చిన్న పట్టకారు, ఇదిగో పిడిలోంచి వస్తుంది. తుమ్మ ముల్లు కాల్లో దిగితే దీని విలువ తెలుస్తుంది. మా అమ్మ కళ్లజోడు స్క్రూ, స్కూలు బ్యాగు తెగిన పట్టీకి కుట్టు వేసే చిల్లు, స్విచ్‌బోర్డు మూత, అన్నీ దీనితో చేశాను.

బ్లేడు విషయంలో మాత్రం ఒపినెల్‌తో పోల్చలేం. పల్చగానే ఉంటుంది, బానే కోస్తుంది, స్టీలు మెత్తన కాబట్టి పదును త్వరగా పోతుంది, అంతే త్వరగా వస్తుంది కూడా. పెద్ద తేడా ఏమిటంటే దీనికి తాళం లేదు. స్ప్రింగు మాత్రమే పట్టి ఉంచుతుంది. కోసేటప్పుడు బలం ఎప్పుడూ అంచు వైపే పడాలి, మొనతో గుచ్చారో మీ వేళ్ల మీదికే మడతపడుతుంది. పిల్లలకి మొదట నేర్పాల్సింది అదే.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మన దగ్గర జేబులో చాకు అనగానే రౌడీ గుర్తొస్తాడు. సినిమాల్లో టక్కున తెరుచుకునే రాంపురి చాకు చూసి చూసి అలా అయ్యాం. పాపం రాంపూర్ పనివాళ్లది తరాల నేర్పు. బ్లేడు 4.5 అంగుళాలు దాటకూడదని 1990లలో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఆంక్ష పెట్టాక ఆ పని దాదాపు ఆరిపోయింది. 2023లో ఆ ఊరి కూడలిలో 20 అడుగుల చాకు నిలబెట్టారు. చూస్తే గర్వంగానూ ఉంటుంది, కడుపులో దేవినట్టూ ఉంటుంది. దేశమంతటికీ వర్తించే ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న కత్తులు లైసెన్సు కిందికి వస్తాయి, ఇంటిపనికి, వ్యవసాయానికి, పరిశ్రమకి చేసినవి తప్ప. మన చాకులు ఆ కొలతల దరిదాపుల్లో కూడా లేవు. అయినా బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునే రకాల జోలికి వెళ్లకండి. కోర్టుకి, సభలకి, ఊరేగింపులకి ఏ చాకూ తీసుకెళ్లకండి. విమానంలో చేతిసంచిలో అస్సలు వద్దు, చెక్-ఇన్ సామానులో పెట్టండి. పోలీసు అడిగితే చెప్పడానికి మీ దగ్గర కారణం ఉండాలి, పండ్లు కోసుకునే చాకు పండ్లు కోసుకునే చాకులా కనబడాలి. అందుకే చెక్క పిడి, ఎర్ర పిడి నయం. నల్లగా, పళ్లు పళ్లుగా ఉన్నవి చూసి ఎదుటి మనిషి జంకుతాడు.

సాన పట్టడానికి సైకిల్ చక్రం వాళ్ల దగ్గరికి ఈ చాకులు ఇవ్వకండి. వాళ్ల పనిని తక్కువ చెయ్యట్లేదు, కత్తిపీటకి వాళ్లే సరి. కానీ ఇంత పల్చటి బ్లేడు ఆ చక్రం వేడికి పాడైపోతుంది, ఒక్కసారికే చాలా స్టీలు పోతుంది. ఇంట్లో 1000 గ్రిట్ నీటిరాయి, అంటే నీళ్లతో తడిపి వాడే సానరాయి ఒకటి చాలు, గ్రిట్ అంటే రాయి గరుకుదనం కొలత. రాయి మీద బ్లేడు పడుకోబెట్టి, వెన్ను కాస్త లేపండి, 20 డిగ్రీలు, అటు పది ఇటు పది మెల్లగా. రాయి లేదా? పింగాణీ టీ కప్పు బోర్లించండి, అడుగున గరుకు అంచు ఉంటుంది, దాని మీద రెండు వైపులా నాలుగేసి సార్లు లాగండి. చివర్లో పాత తోలు బెల్టు మీద పదును వెనక్కి ఉండేలా లాగితే ఇదిగో, చేతి మీద వెంట్రుకలు రాలుతున్నాయి.

మరి ఏది కొనాలి? ఊళ్లో, తోటలో, వంటింట్లో తిరిగేవాళ్లకి ఒపినెల్ నంబర్ 8. అరచెయ్యి చిన్నదైతే నంబర్ 7. ఆఫీసు బ్యాగులో ఒక్కటే ఉండాలంటే స్పార్టన్. రెండూ దిగుమతి సరుకు, నకిలీలు ఉన్నాయి, నాలుగు చోట్ల ధర చూసి నమ్మకమైన చోట కొనండి. బహుమతిగా ఇస్తే ఒక సంగతి. మా ఇంట్లో చాకు చేతికివ్వరు, కింద పెడితే తీసుకోవాలి, లేకపోతే గొడవలొస్తాయంటారు. ఫ్రాన్స్‌లో కూడా ఇలాంటి పట్టింపే ఉంది, చాకు బహుమతి ఇస్తే తీసుకున్నవాళ్లు ఒక నాణెం తిరిగిస్తారు, స్నేహం తెగకూడదని. నేను మా బావకి ఒపినెల్ ఇచ్చినప్పుడు బల్ల మీద పెట్టాను, ఆయన దగ్గర రూపాయి కూడా తీసుకున్నాను.

సరే, పళ్లెం దగ్గరికి వద్దాం. కెమెరా దగ్గరికి తెస్తున్నాను. పొద్దున అద్దంలా ఉన్న బ్లేడేనండి ఇది. పులుపు ఆరిన చోట నీలం, దాని పక్కన ఊదా, రసం బొట్టు నిలిచిన చోట నలుపు. ఇది ఎర్ర తుప్పు కాదు. కాయలో పులుపు, వగరు ఇనుముతో కలిసి పట్టిన పొర. మన కత్తిపీట నల్లబడేది కూడా ఇలాగే. ఈ పొర పట్టేకొద్దీ ఎర్ర తుప్పు రావడం తగ్గుతుంది. మొదటి నాలుగు కాయలకి ముక్కలో కొంచెం ఇనుము రుచి తగులుతుంది, తర్వాత ఉండదు. ఇలా కడిగి, గుడ్డతో పొడిగా తుడిచి, రెండు చుక్కలు కొబ్బరినూనె రాస్తున్నాను. ఈ నీలం మచ్చ ఈ ఏడాది మొదటి కాయది, ఇక చెరిగిపోదు. ఉప్పూకారం ఇటివ్వు అమ్మా, ముక్కలు ఆరిపోతున్నాయి.