మాగాయ ఆల్చిప్ప చెప్పే కిటుకు

[దృశ్యం: కోనసీమలో ఒక ఇంటి వసారా. గంపెడు పచ్చి మామిడికాయలు. చేతిలో ఆల్చిప్ప.]

ఇది మా అమ్మమ్మ ఆల్చిప్ప. కాలువలో దొరికినదాన్ని రాతి మీద అరగదీసి, నడుమ ఇలా కన్నం పెట్టింది. ఈ కన్నం అంచుతోనే ఏటా మాగాయకు మామిడికాయల చెక్కు తీసేది. ఎన్ని వేసవులు గడిచినా అంచు పెచ్చు ఊడలేదు.

[దగ్గరగా: పాత గుల్ల సున్నం గోడ. గోటితో గీకగానే పొడి రాలుతుంది.]

గుల్లలు కాల్చి చేసిన సున్నం ఇది. ఏళ్ల తరబడి గాలి తగిలి మళ్లీ కాల్షియం కార్బొనేట్ అయింది. ఆల్చిప్ప లోపలి మెరిసే పొరలో దాదాపు 95 శాతం ఉన్నదీ అదే. మరి గోడ రాలుతుంటే చిప్ప ఎందుకు రాలదు?

[యానిమేషన్: మెరిసే పొర లోపల, వరుసలుగా పేర్చిన పలకలు.]

కిటుకు పేర్పులో ఉంది. వెంట్రుక మందంలో నూరో వంతైనా లేని పలకలు ఇటుకల్లా వరుసలు కట్టి ఉంటాయి. అడుసుకు బదులు పలచని ప్రోటీను. పగులు నేరుగా దూసుకుపోలేదు, పలక పలకకూ పక్కకు తిరగాలి. ఈలోగా పలకలు రవ్వంత జారుతాయి, ప్రోటీను సాగుతుంది. దెబ్బ బలం అక్కడే ఖర్చయిపోతుంది.

[దృశ్యం: భీమవరం దగ్గర ఐసు ఫ్యాక్టరీ. రొయ్యల లోడు కోసం దిమ్మలు దించుతున్నారు.]

ఈ దిమ్మ చూడండి. అంచులు అద్దంలా ఉన్నాయి, నడుమ తెల్లగా మసక. గడ్డకడుతున్న నీరు తనలోని గాలినీ ఉప్పునూ లోపలికి నెట్టేస్తుంది. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల వారు ఆల్చిప్ప పేర్పును అనుకరించడానికి 2006లో వాడుకున్నది ఈ గుణాన్నే. నాకు ఎంతో ముచ్చటగా తోచే ఘట్టం ఇది! అల్యూమినా అనే గట్టి పింగాణీ పదార్థం పొడి కలిపిన నీటిని ఒక వైపు నుంచి గడ్డకట్టించారు. మంచు రేకులు రేకులుగా పెరిగి, పొడిని సందుల్లోకి తోసింది. ఆ మంచును ఆవిరిగా తీసేసి, మిగిలిన పొరలను కొలిమిలో కాల్చి, ఖాళీలను మరో పదార్థంతో నింపారు. 2008లో అల్యూమినాకు ఆక్రిలిక్ ప్లాస్టిక్ జోడించి చేసిన రకాన్ని పగలగొట్టాలంటే, అందులోని విడి పదార్థాలకంటే 300 రెట్లకు పైగా శక్తి కావలసి వచ్చింది.

[దృశ్యం: పంట కాలువ. మోకాలి లోతు నీటిలో, బురదలో సగం దిగిన ఆల్చిప్ప.]

ఆ కొలిమి వేడి సుమారు 1500 డిగ్రీలు. ఇక్కడ ఈ చిన్న జీవి కాలువ నీటిలోని కాల్షియాన్నే తీసుకుని, ఆ నీటి చల్లదనంలోనే, పొర మీద పొర వేసుకుంటోంది.