గోడ అవతలికి వినపడిన పాట

దైవజనులకు, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం అక్కచెల్లెళ్ళకు ప్రభువు నామంలో వందనాలు. పేరుపేరునా చెప్పాలనే ఉంది గానీ నాకిచ్చింది ఇరవై నిమిషాలు. క్షమించాలి.

‘సంతోషంతో సాక్ష్యం’ అని అంశం ఇచ్చారు. ఒంగోలులో సాక్ష్యం గురించి ఎవరు మాట్లాడినా 1878 జూలై 3 దగ్గర మొదలుపెడతారు. వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె చెప్పుకుని నేనూ ఎంతో గర్వపడ్డాను. కానీ ఈమధ్య నా మనసు వేరే అంకె మీద నిలిచింది. ఇరవై ఎనిమిది.

అంతకు పదకొండేళ్ళ ముందు సంగతి. తాళ్ళకొండపాడులో ఎర్రగుంట్ల పేరయ్య అని తోళ్ళ పని చేసుకునే మాదిగాయన. ఆయనా, భార్య నాగమ్మా 1866లో బాప్తిస్మం పొందారు. మరుసటేడు జనవరిలో అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు అక్కడికి వెళ్ళేసరికి, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు గుడ్డలూ తిండీ మూటగట్టుకుని వచ్చి ఉన్నారు. రోజుల తరబడి అక్కడే ఉండి విన్నారు. ఆ 28 మంది బాప్తిస్మం పొందింది అప్పుడే. వాళ్ళనెవరు పిలిచారు? మైకా, పోస్టరా? పేరయ్య తనకు దొరికింది తనలోనే దాచుకోలేక, ఊరూరా తిరిగి తనవాళ్ళకు చెప్పుకున్నాడు. అంతే.

ఫిలిప్పీ చెరసాల మీకందరికీ తెలుసు. బెత్తం దెబ్బలు తిన్న వీపులు, కాళ్ళకు బొండ. అర్ధరాత్రి అపొస్తలుడైన పౌలు, ఆయన తోటి సేవకుడు సీల పాడుతున్నారు. బైబిల్లో ఆ వచనం చివర చిన్న మాట ఉంది, మనం గబగబా చదివేసి తర్వాతి వచనంలోని భూకంపంలోకి వెళ్ళిపోతాం. ‘ఖయిదీలు వినుచుండిరి.’ వాళ్ళ కోసం పాడలేదు. అయినా విన్నారు. తర్వాత ఇంకో చెరలో ఉండి పౌలు అదే ఊరి సంఘానికి ‘ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి’ అని రాశాడు. చదివినవాళ్ళకు ఆ రాత్రి గుర్తుకు రాకుండా ఉంటుందా?

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి. అనుకున్న వరస ఇది కాదు, కానీ చెప్పకుండా ఉండలేను.

మాకూ పక్కింటివాళ్ళకూ మధ్య ఒకటే గోడ. తెల్లవారుజామున నాలుగింటికి అమ్మ రుబ్బురోలు ముందు కూర్చునేది. ఎడమ చేత్తో పిండి లోపలికి తోస్తూ, కుడిచేత్తో పొత్రం తిప్పుతూ కీర్తన ఎత్తుకునేది. గోడ అవతల పక్కింటి అత్త రోలు కూడా అదే తాళానికి తిరిగేది. నేను దుప్పటి ముసుగులోంచి రెండు రోళ్ళ చప్పుడూ వినేదాన్ని.

నాన్న పోయాక అమ్మ పాట ఆగిపోయింది. పదకొండో రోజు తెల్లవారుజామున గోడ మీద టకటకా కొట్టిన చప్పుడు. “వదినా, పాట ఆపేశావేంటి? నాకు పిండి రుబ్బబుద్ధి కావట్లేదు.” అమ్మ చాలాసేపు ఏడ్చింది. తర్వాత పాడింది. గొంతు బొంగురు, సగం మాటలు ఏడుపులోనే పోయాయి. అవతల రోలు తిరగడం మొదలైంది.

ఆ క్రిస్మస్‌కి అత్త తనంతట తానే మాతో గుడికి వచ్చింది. పట్టుచీర, బొట్టు, తలనిండా చామంతులు. చెప్పులు బయట విడిచి చివరి బెంచీలో కూర్చుంది. ఒక పెద్దాయన వచ్చి, “పూలు పెట్టుకుని ఇక్కడికి రాకూడదమ్మా” అన్నారు. అత్త ఒక్క మాట మాట్లాడలేదు. పూలు తీసి కొంగులో వేసుకుని, ఆరాధన అయ్యేదాకా తల దించుకుని కూర్చుంది. మళ్ళీ ఏనాడూ రాలేదు.

నలభై ఏళ్ళయింది. ఇప్పటికీ నాకు ఆ కొంగే కళ్ళముందు ఆడుతుంది. అమ్మ సంతోషం ఆమెను గుమ్మం దాకా నడిపించుకొచ్చింది. గుమ్మంలో మనం ఆపేశాం. అక్కా, ముందు వరసలో ఉన్నావు, నువ్వు చెప్పు. ఆ రోజు ఒక్కరం లేచి, “రా వదినా, నా పక్కన కూర్చో” అని ఉంటే ఏం పోయేది? నాకు అప్పటికి పదహారేళ్ళు. నేనూ లేవలేదు.

సువార్త సభలు వద్దనడం లేదు. కానీ మైకు పెట్టి ఊరంతా వినిపిస్తాం, ఇంట్లో ముఖం మాడ్చుకుని తిరుగుతాం. పక్కింటివాళ్ళు వినేది ఆ ఇంటినే.

పోయిన నెల అత్తను చూడటానికి వెళ్ళాను. మంచంలో ఉంది, చూపు ఆనడం లేదు. గొంతు పట్టి గుర్తుపట్టి, “మీ అమ్మ పాట పాడవే” అంది. రెండు చరణాలు పాడాను. మూడోది నోటికి రాలేదు. అత్త అందుకుంది. ఒక్క మాట తప్పు పోకుండా చివరిదాకా పాడింది.

ఈ క్రిస్మస్‌కి ఆమెను ఆటోలో నేనే తీసుకొస్తున్నాను. వస్తానంది. పూలు పెట్టుకునే వస్తుంది. అయ్యగారూ, పెద్దలూ, దయచేసి మొదటి వరసలో ఒక చోటు ఉంచండి.