ఒక రోజు, ఒక వాంగ్మూలం: ఫ్రెంచి విప్లవాన్ని చదివే పద్ధతి

శ్రోతలకు నమస్కారం.

ఫ్రెంచి విప్లవం అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఒక మాట. జనం రొట్టె లేదని మొత్తుకుంటుంటే రాణి మరీ ఆంత్వానెత్ "అయితే కేకు తినమనండి" అందట. ఆమె ఆ మాట అన్నట్టు ఆధారం లేదు. దాదాపు అదే మాటను ఫ్రెంచి రచయిత రూసో తన ఆత్మకథలో ఎవరో ఒక గొప్ప రాకుమారి అన్నట్టు, పేరు చెప్పకుండా రాశాడు. ఆయన ఆ భాగం రాసేనాటికి మరీ ఆంత్వానెత్ చిన్నపిల్ల. ఫ్రాన్సులో అడుగైనా పెట్టలేదు. అయినా ఆ మాట వదలదు. విప్లవమంతా ఒక్క ముక్కలో తేలిపోయినట్టు అనిపిస్తుంది కదా, అందుకని.

విప్లవం ఒక్క ముక్కలో తేలదు. కానీ ఒక్క రోజులో చాలా కనిపిస్తుంది. ఈ కొద్ది నిమిషాల్లో చెప్పదలచింది అదే.

అసలు ఎందుకు చదవాలి? రాజకీయాల్లో ఎడమ, కుడి అనే మాటలు 1789 నాటి ఫ్రెంచి సభలో సభ్యులు కూర్చున్న వైపులను బట్టి వచ్చాయి. మనం గుడ్డ కొలిచే మీటరు, బియ్యం తూచే కిలో ఆ విప్లవ ప్రభుత్వం చేసిన చట్టంలోవి. ఆ రోజుల్లో గోదావరి ఒడ్డున మన యానాం కూడా ఫ్రెంచివారి కిందే ఉండేది. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అన్న మూడు మాటల సంగతి వేరు. వాటిని తాను ఫ్రెంచి విప్లవం నుంచి కాదు, బుద్ధుని బోధల నుంచి తీసుకున్నానని అంబేద్కర్ 1954లో ఆకాశవాణి ప్రసంగంలోనే చెప్పారు.

ఇవన్నీ మంచి కారణాలే. నాకు వీటికన్నా పెద్దదిగా కనిపించే కారణం ఇంకొకటుంది. లేసు అల్లే అమ్మాయి ఏమంది, ఇళ్లలో పాచిపని చేసే ఆవిడ ఏమంది అన్నది ప్రభుత్వ కాగితాల మీదికి ఎక్కిన కాలం అది. రాజు మాట మనకు ఎప్పుడూ దొరుకుతుంది. వాళ్ల మాట దొరకడం అరుదు. ఇక్కడ దొరుకుతుంది.

అందుకని పుస్తకం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకండి. ఒక రోజును పట్టుకోండి. 1789 అక్టోబరు 5, సోమవారం. పారిస్ ఆడవాళ్లు వేలమంది వానలో సుమారు 20 కిలోమీటర్లు నడిచి, రాజు ఉండే వెర్సాయికి వెళ్లిన రోజు.

ముందు రొట్టె లెక్క చూద్దాం. పారిస్‌లో మామూలుగా కొనేది నాలుగు పౌన్ల రొట్టె. మన లెక్కలో రెండు కిలోలకు కాస్త తక్కువ. మామూలు ధర 8 సూలు. సూ అంటే చిన్న నాణెం, ఇరవై సూలు ఒక లీవ్ర్. 1789 ఫిబ్రవరికి ఆ రొట్టె పద్నాలుగున్నర సూలకు ఎక్కింది. పారిస్ జనం బస్తీయి అనే జైలు కోటను పట్టుకున్న జూలైలోనూ అదే ధర. మామూలు కూలివాడికి రోజుకు వచ్చేది 20 నుంచి 30 సూలు. 25 వేసుకోండి. కూలిలో సగానికి పైగా ఒక్క రొట్టెకే పోతుంది. ఇల్లు, కట్టెలు, బట్ట అన్నీ మిగిలిన దాంట్లోనే.

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. "ధర పెరిగింది, ఆడవాళ్లు కదిలారు" అని రాసేస్తారు. తేదీ చూడండి. ఆగస్టులో ధర 12 సూలకు దిగింది. అక్టోబరులో వాళ్లు నడిచింది ధర తగ్గిన తరువాత! మరి ఎందుకు నడిచారు? రొట్టె దొరకలేదు. ఆ ఏడు పంట బాగానే పండింది. కానీ వేసవి చివర వానల్లేక నదులు సన్నగిల్లాయి, నీటితో తిరిగే పిండి మరలు సరిగా ఆడలేదు. గింజ ఉంది, పిండి లేదు. ధర వేరు, దొరకడం వేరు. ఈ తేడాను మనసులో ఉంచుకుని సాక్షి దగ్గరకు వెళ్దాం.

సాక్షి పేరు మరీ-రోజ్ బారే. వయసు ఇరవై, పెళ్లి కాలేదు, లేసు పని. ఆమె వాంగ్మూలం ఇలా సాగుతుంది. ఉదయం ఎనిమిది గంటల వేళ చేసిన పని అప్పగించడానికి వెళ్తుంటే, నోత్ర్ దామ్ వంతెన దగ్గర వందమంది దాకా ఆడవాళ్లు ఆపారు. వెర్సాయికి రొట్టె అడగడానికి వెళ్తున్నాం, నువ్వూ రావాలి అన్నారు. అంతమందిని ఎదిరించలేక వెళ్లింది. వెర్సాయిలో రాజు అంగరక్షకులు వరుసలు కట్టి నిలబడి ఉన్నారు. ఒక అధికారి వచ్చి ఏం కావాలని అడిగాడు. రొట్టె కావాలన్నారు. ఆయన లోపలికి వెళ్లి వచ్చి నలుగురిని రాజు దగ్గరకు తీసుకెళ్లాడు. ఆ నలుగురిలో ఈమె ఒకతె.

ఆలోచించండి. పొద్దున లేసు అప్పగించడానికి బయలుదేరిన పిల్ల, సాయంత్రానికి పదహారో లూయీ ఎదుట నిలబడింది.

రాజు ఏమన్నాడు? వాళ్లకు రొట్టె లేకపోవడం చూసి తానూ వాళ్లంత బాధపడుతున్నానన్నాడు. అప్పుడు వాళ్లు ఏమడిగారు? ఇది శ్రద్ధగా వినండి. పారిస్‌కు వచ్చే పిండి బండ్లకు కాపలా పెట్టించమని అడిగారు. డెబ్బై బండ్లు బయలుదేరితే రెండే చేరుతున్నాయని వాళ్లకు దారిలో ఎవరో చెప్పారు. కాపలా పెట్టిస్తానని రాజు మాటిచ్చాడు. రాత్రి తొమ్మిది అయింది. ఆమె సతోరీ వీధిలో ఒక ఇంటికి చేరి గుర్రపుశాలలో పడుకుంది. మర్నాడు ఏం జరిగిందో తనకు తెలియదంది.

డెబ్బైకి రెండు అన్న లెక్క నిజమో కాదో పక్కన పెట్టండి. అది దారిలో విన్న మాట. వాళ్లు అడిగింది మాత్రం ఆకలి కేక ఒక్కటే కాదు. బండ్లు, కాపలా. సరుకు ఎక్కడ ఆగుతోందో ఆలోచించినవాళ్లు అడిగే కోరిక అది. ధర గురించి ఆమె వాంగ్మూలంలో ఒక్క మాట లేదు. ఇందాకటి ధర లెక్క మన చేతిలో లేకపోతే, ఆ లేకపోవడం మన కంటపడేదే కాదు.

ఇక అసలు పని. ఏ వాంగ్మూలమైనా చేతికొస్తే ముందు ఒకటి అడగండి: ఈ ప్రశ్న వేసింది ఎవరు? దీన్ని తీసుకున్నది షాత్లే అనే పారిస్ న్యాయస్థానం. కొన్ని నెలల పాటు సుమారు 390 మంది సాక్షుల్ని పిలిచింది. అక్టోబరు 6 పొద్దున జనం రాజభవనంలోకి చొరబడి ఇద్దరు అంగరక్షకుల్ని చంపారు. దీని వెనక రాజు బంధువు ఓర్లెయాఁ డ్యూకు, జాతీయ సభ నాయకుడు మిరాబో కుట్ర ఉందా అని న్యాయస్థానం వెతుకుతోంది. అలాంటి చోట నిలబడ్డ సాక్షి "నన్ను బలవంతాన లాక్కెళ్లారు" అంటే అర్థమేమిటి? నిజం కావచ్చు. తనను కాపాడుకోవడమూ కావచ్చు. "ఆరో తేదీ సంగతి నాకు తెలియదు" అన్న మాటా అంతే. ఆమె అబద్ధమాడిందని తేల్చెయ్యకండి. ఆ రెండు మాటల పక్కన పెన్సిలుతో ఒక గీత పెట్టుకోండి, చాలు. బండ్ల మాట పక్కన గీత అక్కర్లేదు, దాన్ని చెప్పడం వల్ల ఆమెకు లాభమూ లేదు, నష్టమూ లేదు. అలాంటి మాటే చరిత్ర చదివేవారికి బంగారం.

నోటుపుస్తకంలో నాలుగు నిలువు గడులు గీయండి. ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు. నాలుగోది మరిచిపోవద్దు. కొన్ని నెలలకు చెప్పిన మాటకూ, ముప్ఫై ఏళ్ల తరువాత రాసిన జ్ఞాపకాలకూ ఒకే విలువ ఇస్తే లెక్కంతా చెడుతుంది. అప్పటికి రాజు తల తెగిందని రాసేవాడికి తెలుసు. 1789లో నడుస్తున్న మరీ-రోజ్‌కు తెలియదు. ఆమెకు తెలియనిది చదివే మనమూ కాసేపు పక్కన పెట్టాలి. కష్టమే, అయినా పెట్టాలి.

1793 దాకా వెళ్లేవారికి ఒక జాగ్రత్త. ఆ ఏడు అక్టోబరులో కొత్త పంచాంగం వచ్చింది. నెలకు ముప్ఫై రోజులు, పన్నెండు నెలలు, చివర ఐదో ఆరో అదనపు రోజులు. మొదటి సంవత్సరం 1792 సెప్టెంబరు 22 నుంచి అని వెనక్కి జరిపి లెక్కకట్టారు. రెండో సంవత్సరం థెర్మిదోర్ నెల 9 అంటే 1794 జూలై 27. మూడో సంవత్సరానికి ఆరో అదనపు రోజు పడటంతో నాలుగోది సెప్టెంబరు 23న మొదలైంది. అక్కడ ఒక రోజు తేడా వచ్చేస్తుంది, చూసుకోండి. ధరల్లోనూ అంతే. అసిగ్నా అనే కాగితపు డబ్బు విలువ ఏటేటా పడిపోయింది కాబట్టి, 1795 ధరను 1789 ధర పక్కన నేరుగా పెట్టకూడదు.

మళ్లీ మన సోమవారానికి వద్దాం. ఒక్క సాక్షితో ఆగితే అందరు ఆడవాళ్లూ ఆమెలాగే ఆలోచించారనుకుంటాం. రెండో సాక్షిని తప్పకుండా పిలవాలి. ఈ వాంగ్మూలాలు 1790లోనే అచ్చయ్యాయి, కొన్నిటికి ఇంగ్లీషు అనువాదాలూ ఉన్నాయి.

మద్‌లెన్ గ్లేన్, నలభై రెండేళ్లు, ఇళ్లలో పాచిపని. ఈమె కూడా బలవంతాన వెళ్లాననే అంది. అక్కడ గీత పెట్టండి. ఈమె వెళ్లింది రాజు దగ్గరకు కాదు, జాతీయ సభ కూర్చున్న హాలులోకి. అక్కడ కొందరు ఆడవాళ్లు నాలుగు పౌన్ల రొట్టె 8 సూలకే ఇవ్వాలి, మాంసమూ ఆ ధరకే ఇవ్వాలి అని కేకలు వేస్తున్నారు. 8 సూలు, ఇందాక చెప్పుకున్న పాత ధర. గ్లేన్ వాళ్లను ఊరుకోమంది. తమకు రొట్టె లేకుండా పోకూడదని అడుగుతున్నామే గానీ, వీళ్లు చెప్పే ధరకు కావాలని కాదని సభకు చెప్పింది.